కడలి పక్కన పరుగు

విశాఖ బీచ్ రోడ్డు... ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు నగరం. మధ్యలో ఎత్తుపల్లాల్లేని దారి. తెల్లారకముందే అక్కడ నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు చేరిపోతారు. ఒంట్లో కొవ్వు కరగడానికే ఈ పరుగంతా. కానీ ఈ ఊళ్లో ‘పరుగు’ అన్న మాటకి ఒకప్పుడు వేరే అర్థం ఉండేది. ఆ కథలన్నీ ఆ దారి పక్కనే ఉన్నాయి!

తెల్లవారుజామున అయిదుంబావు. కాళీమాత గుడి దగ్గర స్కూటర్ ఆపాను. వెనక సీటు మీంచి నాన్న మెల్లగా దిగారు. మఫ్లర్ సర్దుకున్నారు. చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం, పెన్ను ఉన్నాయో లేవో తడిమి చూసుకున్నారు.

‘‘ఒరే, ఆయాసం వస్తే ఆగిపో. పంతాలకు పోకు. సముద్రం ఎక్కడికీ పోదు’’ అన్నారు.

రోజూ అనే మాటే. నేనూ రోజూలాగే తలూపాను. ఆయన సబ్‌మెరైన్ వైపు నడక మొదలుపెట్టారు. నేను దానికి ఎదురు దిక్కున కోస్టల్ బ్యాటరీ వైపు బయల్దేరాను.

మా ఇద్దరికీ ఈ దారి డాక్టర్లు చూపించిందే. నాన్నకి మూడేళ్ల కిందట గుండెలో స్టెంట్ వేశారు. రోజూ ఓ అరగంట నడవమన్నారు. నా సంగతి కిందటి వేసవిలో తేలింది. ముప్ఫై ఆరేళ్లకే బీపీ నూటయాభై దాటింది. ‘‘మీ నాన్నగారి ఫైలు నా దగ్గరుంది. మీదీ పక్కనే పెట్టమంటారా?’’ అన్నాడు డాక్టరు. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మర్నాడే బూట్లు కొన్నాను.

మొదటిరోజు రెండు కరెంటు స్తంభాల దూరం పరిగెత్తేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. ఇప్పుడు కోస్టల్ బ్యాటరీ నుంచి వుడా పార్కు దాకా ఆగకుండా వెళ్లగలను. సుమారు నాలుగు కిలోమీటర్లు. గొప్పేం కాదు. నన్ను దాటి వెళ్లే తాతగార్లు బోలెడుమంది ఉన్నారు!

ఎవరి పరుగు వాళ్లది

పరుగు కొత్తగా మొదలెట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి దారి దొరకడం కష్టం. విశాఖ అసలు కొండల ఊరు. నగరంలో ఏ వీధిలో పరిగెత్తినా ఎక్కడో ఒకచోట ఎత్తు ఎక్కాల్సిందే. బీచ్ రోడ్డు మాత్రం తీరాన్ని అంటిపెట్టుకుని దాదాపు చదునుగా సాగిపోతుంది. పొద్దున్న కొన్ని గంటలపాటు ఈ రోడ్డు మీదికి వాహనాల్ని రానివ్వరు. హారన్ల గోల ఉండదు. అలల చప్పుడు, బూట్ల చప్పుడు... అంతే.

కోస్టల్ బ్యాటరీ దగ్గర నిలబడి దక్షిణంగా చూస్తే చీకట్లో నల్లగా డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తుంది. దాని మీద లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ ఉంటుంది. సముద్రం మీద దూరంగా వరసగా దీపాలు... రేవులో చోటు కోసం ఎదురుచూస్తున్న ఓడలవి. అక్కడ ఒళ్లు వేడెక్కించుకుని, వెనక్కి తిరిగి ఉత్తరం వైపు పరుగు మొదలెడతాను. కుడిచేతివైపు సముద్రం. కాసేపట్లో సూర్యుడు వచ్చేదీ అటునుంచే.

దారంతా మనుషులే. లాఫింగ్ క్లబ్బుల పెద్దలు, చీర మీదే స్పోర్ట్స్ షూ వేసుకున్న గృహిణులు, వరసలు కట్టి వెళ్లే నేవీ కుర్రాళ్లు. వీళ్లందరి మధ్యా కొందరు మాత్రం నవ్వకుండా, మాట్లాడకుండా, చేతిగడియారం చూసుకుంటూ పరిగెడతారు. కానిస్టేబుల్ ఉద్యోగాలకీ సైన్యంలో భర్తీకీ తయారయ్యే పిల్లలు. పదహారు వందల మీటర్లు గడువులోపు పూర్తిచెయ్యకపోతే రాతపరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా లాభం లేదు. ఆమధ్య ఒక అబ్బాయి చెప్పుల్లేకుండా పరిగెడుతుంటే ఆపి అడిగాను. ‘‘బూట్లున్నాయన్నా. అవి పరీక్ష రోజుకి దాచాను’’ అన్నాడు. ఆరోజు నా కొత్త బూట్లని చూసుకోవడానికి సిగ్గేసింది.

పరుగంటే ఒకరికి ఆరోగ్యం. ఇంకొకరికి బువ్వ. ఈ ఊళ్లో పాతతరాలకైతే అది ప్రాణం.

నాన్నమ్మ చేసిన పరుగు

రోడ్డుకి నగరంవైపు ఒక పాత డచ్చి బంగ్లా ఉంది. అదే విశాఖ మ్యూజియం. పరిగెత్తేవాళ్లెవరూ దానివైపు తలతిప్పరు. నేనూ చాలాకాలం తిప్పలేదు. ఒకసారి పగటిపూట వెళ్లి చూస్తే లోపల ఓ బాంబు కనిపించింది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన వాటిలో ఒకటి.

1942 ఏప్రిల్ 6. అప్పటికి సింగపూర్, రంగూన్ జపాన్ వశమైపోయాయి. బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ యుద్ధనౌక మీంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖలో రేవే వాటి గురి. ఆ రేవు మొదలై అప్పటికి తొమ్మిదేళ్లే. ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా గుంటూరుకి తరలిపోయింది.

మా నాన్నమ్మకి అప్పుడు పదేళ్లు. కన్నవారితో కలిసి విజయనగరం దారిన నడిచిందట. ‘‘ఎడ్లబండి మీద సామాను, బండి వెనక మేము. ఎండకి కాళ్లు కాలిపోతుంటే బండి నీడలో పరిగెత్తాను’’ అని చెప్పేది. పొయ్యి మీద అన్నం కుండ అలాగే వదిలి వచ్చేశామన్నది ఆవిడ జీవితకాలపు బెంగ. బాంబు గురించి అడిగినా చివరికి ఆ కుండ దగ్గరికే వచ్చేది.

సముద్రం పక్క ఊరు కాబట్టి బాంబు పడింది. సముద్రానికి ఎంత దూరం పోతే అంత క్షేమం. ఆ తరానికి పరుగంటే అదీ!

నేల మీద ఒకటి, నీటి అడుగున ఒకటి

ఇసక మీద నల్లగా, పొడుగ్గా, ఒడ్డుకి చేరిన తిమింగలంలా కనిపించేదే ‘ఐఎన్ఎస్ కుర్సుర’. విశాఖకి వచ్చిన చుట్టాలందరికీ మనం చూపించే సబ్‌మెరైన్. 91 మీటర్ల పొడవు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. దాన్ని నీళ్లలోంచి ఒడ్డుకి లాగి నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపలికెళ్తే ఇరుకు నడవ, తల వంచుకుని దాటాల్సిన గుండ్రటి ద్వారాలు, అరల్లాంటి పడకలు. డెబ్బయిమందికి పైగా మనుషులు రోజుల తరబడి అందులో ఎలా బతికారా అనిపిస్తుంది.

రోడ్డుకి ఆవలివైపున ‘టీయూ-142’ విమానం. సముద్రంలో శత్రు సబ్‌మెరైన్లని వెతికి పట్టుకోవడమే దాని పని. 29 ఏళ్ల సేవ తర్వాత 2017లో రిటైరై ఇక్కడికొచ్చింది. వేటగాడూ, వేటాడాల్సిన జంతువూ ఎదురెదురుగా కూర్చుని పింఛను తీసుకుంటున్నట్టు ఉంటుంది ఆ దృశ్యం.

అయితే ఈ తీరానికి సంబంధించిన సబ్‌మెరైన్ మరొకటి ఉంది. అది కనిపించదు. పాకిస్థాన్‌కి చెందిన ‘ఘాజీ’. 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి ఘాజీ రేవుకి కొద్ది దూరంలోనే పేలి మునిగిపోయింది. అందులో ఉన్న తొంభైమందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమని మన నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తూ పేలిందని పాకిస్థాన్ అంటుంది. దాని శకలాలు ఇప్పటికీ సముద్రం అడుగునే ఉన్నాయి. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఈ రోడ్డు మీదే ఉంది.

ఆ రాత్రి నాన్నకి పద్నాలుగేళ్లు. ‘‘ఊరంతా బ్లాక్ఔట్. కిటికీలకి నల్లకాగితాలు అంటించాం. అర్ధరాత్రి పెద్ద చప్పుడు... తలుపులు ఊగిపోయాయి. మళ్లీ విమానాలొచ్చాయనుకుని మా అమ్మ మమ్మల్ని వీధిలోకి లాక్కొచ్చింది. ‘విజయనగరం పోదాం పదండి’ అని ఒకటే ఏడుపు. మా నాన్నే ఆపాడు’’ అని చెబుతారాయన.

1942లో పదేళ్ల పిల్లగా పరిగెత్తిన మనిషి, 1971లో పిల్లల తల్లిగా మళ్లీ అదే దారి పట్టబోయింది. ఘాజీలో చనిపోయినవాళ్లకీ ఎక్కడో అలాంటి తల్లులే ఉండి ఉంటారు కదా అని నాన్న ఒకసారి సబ్‌మెరైన్ ఎదురుగా బెంచీ మీద కూర్చుని అన్నారు. రోజూ ఆయన నడక ఆగేది ఆ బెంచీ దగ్గరే.

మా వంతు వచ్చిన రోజు

నా తరానికీ ఒక పరుగు దక్కింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. పొద్దున్నంతా ఒకవైపు నుంచి వీచిన గాలి కాసేపు చటుక్కున ఆగింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. అది తుపాను కన్ను అని చాలామందికి తెలియలేదు. తర్వాత గాలి రెండోవైపు నుంచి మొదలైంది. నేను మేడ మీద ఎగిరిపోతున్న రేకు పట్టుకుందామని వెళ్లి, మెట్ల మీద నాలుగు కాళ్ల మీద పాకుతూ కిందికొచ్చాను.

మర్నాడు బీచ్ రోడ్డుకి వస్తే అది రోడ్డులా లేదు. పలకలు లేచిపోయి, రెయిలింగులు వంగిపోయి, ఇసకంతా రోడ్డు మీద. చెట్లన్నీ ఒకేవైపు పడుకుని ఉన్నాయి. కైలాసగిరి పచ్చదనం మొత్తం ఒక్క పూటలో పోయింది. కొన్నిరోజులు కరెంటు లేదు, నీళ్లు లేవు. పాలప్యాకెట్టుకి క్యూ. అయినా వారం తిరక్కుండానే ఆ విరిగిన పలకల మధ్య వాకింగ్‌కి వచ్చినవాళ్లని చూశాను. దానికి పిచ్చి అని పేరుపెట్టాను అప్పట్లో. ఇప్పుడు అనను.

ఇసకా పరిగెడుతుంది

నాన్న ముప్ఫయ్యేళ్లు డ్రెడ్జర్ల మీద పనిచేశారు. సముద్రం అడుగున ఇసక తవ్వి ఓడలకి దారి చెయ్యడం ఆ పని. అందుకే అందరూ అలల్ని చూస్తే ఆయన ఇసకని చూస్తారు. ఈ తీరం గురించి నాకు తెలిసిన పెద్ద సంగతి ఆయన చెప్పిందే.

అలలు ఒడ్డుని తిన్నగా తాకవు, ఏటవాలుగా తాకుతాయి. అలా తాకినప్పుడల్లా కొంచెం ఇసకని పక్కకి జరుపుతాయి. తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలమంతా ఈ ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత వెనక్కొస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. అంటే బీచ్‌లో ఇసక నిలకడగా ఉండేది కాదు. పోయినదాని స్థానంలో కొత్తది వస్తుంటేనే బీచ్ ఉంటుంది.

రేవు 1933లో మొదలైంది. 1970ల్లో సముద్రంలోకి గోడలు కట్టి ఔటర్ హార్బర్ నిర్మించారు. ఆ గోడలు ఓడల్ని అలల నుంచి కాపాడతాయి. దాంతోపాటే దక్షిణం నుంచి వచ్చే ఇసకనీ ఆపేస్తాయి. రేవుకి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి పోయేది పోతూనే ఉంటుంది... వచ్చేది తగ్గిపోయింది. అందుకే రేవు దగ్గర చేరిన ఇసకని డ్రెడ్జర్లతో తవ్వి, పైపుల్లో తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. మనం ఆదివారం సాయంత్రం పిల్లలతో గూళ్లు కట్టించే ఇసకలో కొంత అలా తెచ్చిపోసిందే!

‘‘రేవు లేకపోతే ఈ ఊరు లేదు, మన ఇంట్లో అన్నం లేదు. కానీ సముద్రానికి ఆపిన బాకీ మనమే తీర్చాలి. ఒక్క ఏడాది మానేసినా అది గోడ దాకా వచ్చి అడుగుతుంది’’ అంటారు నాన్న.

జాలరిపేట దాకా...

ఆరోజు ఎందుకో ఒంట్లో హుషారుగా ఉంది. వుడా పార్కు దగ్గర ఆగలేదు. పెద జాలరిపేట దాకా వెళ్లాను. అక్కడ బీచ్ అంటే షికారు కాదు. పడవలు, వలలు, చేపల గంపలు. కొండెక్కే దారికి ముందు ఊరు ఇంకా సముద్రానిదే అనిపిస్తుంది.

వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన నన్ను చూసి నవ్వాడు. ‘‘ఏటి బాబూ, ఎవులో తరుముతున్నట్టు పరిగెడతన్నావు?’’

‘‘డాక్టరు పరిగెత్తమన్నాడు తాతా.’’

‘‘మంచిదే. మా సిన్నప్పుడు ఈ ఇసకలో నాలుగు వరసల తెప్పలుండీవి. ఇప్పుడు రెండు వరసలకే సోటు సాల్దు. బేగి పరిగెట్టు. ఇసక ఉన్నప్పుడే’’ అన్నాడు, సూది ఆపకుండానే.

ఇంకాస్త ముందుకెళ్తే తెన్నేటి పార్కు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరకు ఓడ ‘ఎంవీ మా’ అక్కడి రాళ్ల మీదికే కొట్టుకొచ్చింది. సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఓడని చూడ్డానికి మాత్రం ఊరంతా కదిలింది. సముద్రం ఏమైనా చేస్తే ఒకప్పుడు పారిపోయినవాళ్ల మనవలం... సెల్‌ఫోన్లు పట్టుకుని ఎదురెళ్లాం.

అక్కడిదాకా వెళ్లే ఓపిక లేక వెనక్కి తిరిగాను. ఎండ ముదురుతోంది. ఎదురుగా డాల్ఫిన్ నోస్ ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. రోజూకంటే అరగంట ఆలస్యమైంది. సబ్‌మెరైన్ దగ్గరికొచ్చి చూస్తే బెంచీ మీద నాన్న లేరు.

మఫ్లర్ మాత్రం ఉంది.

పరుగులో ఎంత వేగంగా కొట్టుకున్నా నా గుండె అలా ఎప్పుడూ కొట్టుకోలేదు. ఫోన్ చేశాను. తియ్యలేదు. టీ కొట్టు దగ్గర అడిగాను. చూడలేదన్నారు. గోడ మీదికెక్కి ఇసకలోకి చూశాను.

ఆయన అక్కడున్నారు. ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ నుంచి నీళ్ల వైపు తిన్నగా నడుస్తున్నారు. తల వంచుకుని ఏదో లెక్కపెడుతున్నారు. నీళ్లు కాళ్లకి తగలగానే ఆగి, జేబులోంచి నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. అందులో రోజూ ఆయన బీపీ రాసుకుంటారని అనుకునేవాణ్ని.

‘‘యాభై మూడు. వారం కిందట యాభై ఎనిమిది’’ అన్నారు నన్ను చూసి, ఏమీ జరగనట్టు. పుస్తకం చేతికిచ్చారు. మూడేళ్ల లెక్క. తేదీ, టైము, పోటో పాటో, అడుగులు. వర్షాకాలంలో తగ్గిన అంకెలు, ఇసక పోశాక పెరిగిన అంకెలు.

‘‘ఫోనెందుకు తియ్యలేదు నాన్నా?’’

‘‘లెక్క తప్పిపోతుందని.’’

కోపమొచ్చింది. కానీ మాట రాలేదు. బూట్లు విప్పి గోడ దగ్గరికి వెళ్లాను. మడమ ఆనించి, నీళ్ల వైపు నడుస్తూ నేనూ లెక్కపెట్టాను. నలభై నాలుగు.

‘‘నీ అంగలు పెద్దవిరా. నా పుస్తకంలో రాయకు’’ అని నవ్వారు నాన్న. ‘‘నువ్వు వేరే పుస్తకం పెట్టుకో.’’

ఆ సాయంత్రమే ఒకటి కొన్నాను. మొదటి పేజీలో తేదీ వేసి 44 అని రాశాను. దాని కిందే నా బీపీ కూడా.

మీరూ పరిగెత్తాలంటే...

ఎప్పుడు: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వేసవిలో అయితే సూర్యోదయానికి ముందే ముగించాలి. గాల్లో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, నీరసం త్వరగా వస్తుంది. మంచినీళ్ల సీసా వెంట ఉండాలి.

ఎలా: కొత్తవాళ్లు రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టాలి. పక్కవారితో మాట్లాడగలిగేంత వేగం చాలు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి.

ఇసకలోనా, రోడ్డు మీదా: తడి ఇసక మెత్తగా ఉన్నా నీటివైపు వాలుగా ఉంటుంది. ఎక్కువ దూరం ఒకేవైపు పరిగెత్తితే చీలమండ, మోకాలు నొప్పి చేస్తాయి. మొదట్లో రోడ్డే మేలు.

జాగ్రత్త: పరుగు అయ్యాక చెమట పోతుందని సముద్రంలో దిగొద్దు. ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి.

చూడాల్సినవి: కుర్సుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. దాంతోపాటు టీయూ-142, విశాఖ మ్యూజియం ఒకే పూటలో చూసెయ్యొచ్చు.

ఎలా వెళ్లాలి: హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నకి విశాఖలో దిగొచ్చు. స్టేషన్ నుంచి బీచ్ రోడ్డుకి ఆటోలో వెళ్లడమే. బూట్లు మర్చిపోకండి!